బూట్ వైపు ఉండిపోయిన టోపీ

జంపరక్కకు లోకంలో చాలా వాటిని చూస్తే కడుపులో దేవుతుంది. ఎవరో తాగి పెట్టిన గ్లాసు అంచున ఎండిపోయిన టీ మరక, తడి చేతులతో తిప్పిన తలుపు గొళ్ళెం, దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకల ఉండ, ఫోన్లో మాట్లాడుతూ చెవిలో చిటికెన వేలు తిప్పుకునే మనిషి. వీటికోసం ఎక్కడికో పోనక్కర్లేదు, ఆవిడ పనిచేసే చోట అన్నీ ఒకే గదిలో దొరుకుతాయి. టైర్ల దుకాణం మీది అంతస్తు అది. కింద నుంచి రబ్బరు కంపు, లోపల సోల్డరింగ్ పొగ, మూలనున్న సింకులో ఎన్నాళ్ళదో తేలుతున్న టీ పొడి. మెట్లెక్కగానే ఆవిడ ఊపిరి బిగబట్టి, గదంతా దాటి, కిటికీ పక్కనున్న తన బల్ల చేరాకే వదులుతుంది.

ఆ బల్ల మీద మాత్రం కంచం లేకుండా అన్నం వడ్డించుకోవచ్చు. పొద్దున రాగానే స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో బల్ల తుడుస్తుంది, కీబోర్డు తుడుస్తుంది, సీరియల్ వైరును ఈ కొస నుంచి ఆ కొస దాకా తుడుస్తుంది. తన కుర్చీలో ఇంకెవరైనా కూర్చుని లేస్తే కుర్చీని కూడా వదలదు. "అక్క వైరు తోమినట్టు మనం పళ్ళు తోముకుంటే డాక్టరుతో పనే ఉండదు" అని సోల్డరింగ్ చేసేవాళ్ళు వేళాకోళం చేస్తారు. ఆవిడ పట్టించుకోదు. వాళ్ళ పళ్ళ సంగతి ఆవిడకు తెలుసు.

అక్కడ తయారయ్యేవి గుడ్లు పొదిగే మిషన్లు. కోడి కడుపు కింద పెట్టుకుని చేసే పనంతా, అంటే వెచ్చగా ఉంచడం, తడి ఆరకుండా చూడటం, గుడ్లను మధ్యమధ్యలో దొర్లించడం, ఈ మిషన్లో అరచేతంత బోర్డు ఒకటి చూసుకుంటుంది. బోర్డు నడిబొడ్డున నల్లటి చిప్పు ఉంటుంది. కొత్త చిప్పుకు ఓనమాలు కూడా రావు. దానికి పని నేర్పి పంపడమే జంపరక్క ఉద్యోగం.

చిప్పు పక్కన సన్నటి పిన్నులు మూడు నిలబడి ఉంటాయి. వాటిలో పక్కపక్కనున్న రెండింటిని కలుపుతూ చిన్న నల్ల ప్లాస్టిక్ టోపీ తొడుగుతారు. జంపర్ అంటే అదే. టోపీ ఒక పక్కకుంటే బూట్, రెండో పక్కకుంటే రన్. కరెంటు తగలగానే చిప్పు ముందుగా చూసేది ఆ టోపీనే. అది బూట్ వైపు ఉందా, చిప్పు తన పని జోలికే పోదు. కంప్యూటరు నుంచి వచ్చే సీరియల్ వైరు వైపు చెవి పెట్టుకుని, ఎవరైనా వచ్చి ఏం చెయ్యాలో చెబుతారేమోనని కూర్చుంటుంది. ఎవరూ రాకపోతే అలాగే కూర్చుంటుంది, సెలవు రోజున ఆవిడ మొగుడు కూర్చున్నట్టు. టోపీ రన్ వైపు ఉందా, నేర్చిన పని వెంటనే మొదలెడుతుంది.

అంచేత ఆవిడ పద్ధతి ఇదీ. టోపీని బూట్ వైపు పెట్టడం, వైరు గుచ్చడం, రీసెట్ బటన్ నొక్కడం, కంప్యూటర్లో పచ్చ గీత చివరిదాకా పాకేవరకు చూడటం. ఆ తర్వాత కరెంటు తీసేసి, టోపీని రన్ వైపుకు మార్చి, మళ్ళీ కరెంటు ఇవ్వడం. అప్పుడు బోర్డు మీద అంకెలు వెలిగితేనే అది ట్రేలోకి వెళుతుంది. వర్క్‌షాపు పెట్టిన కొత్తలో ఓనరూ ఆవిడా ఇద్దరే కూర్చుని కుదుర్చుకున్న పద్ధతి అది. అంతకుముందు ఆవిడ ఒక జిరాక్స్ షాపులో టైపు కొట్టేది. చిప్పుల గురించి పుస్తకాలేవీ చదవలేదు, ఓనరు చెప్పింది చెప్పినట్టు పట్టుకుంది. ఆవిడ బల్ల మీంచి వెళ్ళిన బోర్డు వెనక్కి రావడం అరుదు. "జంపరక్క చెయ్యి పడిందంటే ఇక చూడక్కర్లేదు" అని ఓనరు అందరి ముందూ అనేవాడు, ఆవిడ అది మొహానికి రాసుకున్న పౌడరులా ఇంటిదాకా మోసుకెళ్ళేది.

తర్వాత ఓనరు బావమరిది వచ్చిపడ్డాడు. చేతికో ఫోను, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక నములుడు. ఎవరి వెనక నిలబడినా "కానీ, కానీ" అంటాడు కాబట్టి కానీ సారు అని పేరు పడింది. వంగి చూస్తే బిస్కెట్ పొడి బోర్డు మీద రాలుతుంది. దాన్ని నోటితోనే ఊదేస్తాడు. ఆ ఊదడం చూసిన ప్రతిసారీ జంపరక్కకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఒకరోజు అతను ఆవిడ కంప్యూటర్లో ఎంగిలి వేలితో అటూ ఇటూ నొక్కి ఒక టిక్కు పెట్టాడు. లోడ్ అవగానే ప్రోగ్రాం దానంతటదే నడిచే ఏర్పాటు. పచ్చ గీత చివరికి రాగానే, టోపీ ఇంకా బూట్ వైపే ఉన్నా, అంకెలు వెలిగాయి.

"చూశావా అక్కా, ఇక కరెంటు తీసి పెట్టే గోల లేదు. అంకెలొస్తే ట్రేలో పడెయ్యి. టోపీలు ప్యాకింగ్ దగ్గర మారుస్తారు. కానీ, కానీ."

"కరెంటు తీసి ఇస్తేనే కదా సార్, తనంతట తాను లేస్తుందో లేదో తెలిసేది?"

"వెలిగింది కదక్కా. ఇంకేం తెలియాలి నీకు?"

తెలియాల్సింది ఉంది. ఇప్పుడు చిప్పు నడుస్తున్నది కంప్యూటరు నోటిమాట మీద. ఆ మాట కరెంటు ఉన్నంతసేపే. కరెంటు పోయి వస్తే చిప్పు మళ్ళీ టోపీనే చూస్తుంది. టోపీ బూట్ వైపు ఉంటే కింద గుడ్లున్నాయన్న సంగతి కూడా దానికి గుర్తుండదు. జంపరక్కకు ఇదంతా తెలుసు. కానీ అతని వేలి ముద్ర కీబోర్డు మీద జిడ్డుగా మెరుస్తోంది, ముందు దాన్ని తుడవాలనిపించింది. తుడిచింది, ఊరుకుంది.

మొదట్లో ఏ ఇబ్బందీ రాలేదు. ప్యాకింగ్ చేసే పెద్దాయనను అందరూ మావయ్యా అని పిలిచేవారు. ఆయన కళ్ళద్దాలు ముక్కు కొసకు జార్చుకుని, ఒక్కో టోపీనీ గోటితో లాగి రన్ వైపు పెట్టేవాడు. తర్వాత ఆయన కంటి ఆపరేషన్‌కని వెళ్ళి మరి రాలేదు. ఆయన చోట వచ్చినవాడికి టోపీ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది కానీ సారు. అతనికి చెప్పడం కంటే నమలడం ముఖ్యం.

జంపరక్క చెప్పొచ్చు. చెబుదామనే ఒకరోజు ప్యాకింగ్ గది గుమ్మం దాకా వెళ్ళింది. గాలాడని గది. అట్టపెట్టెల కింద ఎలుక చచ్చినట్టుంది, ఆ కంపు మీద బంక వాసన, దాని మీద చెమట. కొత్తవాడు టేపును పళ్ళతో కొరికి తెంచి, ఆ ఎంగిలి కొసను పెట్టెకు అంటించి అరచేత్తో రుద్దుతున్నాడు. గోడ మూలన ఉమ్మిన మరకలు. జంపరక్క ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. ఎవరి కర్మ వాళ్ళది, నా బల్ల మీద ఏ తప్పూ లేదు అనుకుంది. వెళ్ళి చేతులు కడుక్కుంది. ఆ గదిలో ఆవిడ దేన్నీ ముట్టుకోనే లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మరదలు మిషను కొనుక్కుంది. మరదలంటే తమ్ముడి భార్య. పెరట్లో బాతుల్ని పెంచి గుడ్లు అమ్మేది. గుడ్లకంటే పిల్లలకు గిరాకీ ఎక్కువని ఆవిడకు తోచింది. "మంచి మిషను ఏదో మీరే చెప్పండి వదినా" అని అడిగితే, "మాదే తీసుకో, ప్రతి బోర్డూ నా చేతి మీదుగానే వెళుతుంది" అని జంపరక్క భరోసా ఇచ్చింది. మరదలు ఇంకేమీ అడగలేదు. మిషను వచ్చింది. బిగించడానికొచ్చినవాడు, అందరిళ్ళలో చేసినట్టే, ల్యాప్‌టాప్ వైరు గుచ్చి కానీ సారు టిక్కుతోనే దాన్ని లేపి వెళ్ళాడు. అంకెలు వెలిగాయి, గుడ్లు పెట్టారు. రోజూ ట్రే దగ్గర కూర్చుని ఒక్కో గుడ్డునూ చెవి దగ్గర పెట్టుకుని వింటోందని, మొగుడి మాట కూడా అంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదని తమ్ముడు ఫోన్లో చెప్పి నవ్వాడు.

ఎండలు ముదిరాయి. కరెంటు పోవడం మొదలైంది.

కానీ సారు ఫోనుకు కాల్స్ రాసాగాయి. అతను స్పీకర్లో పెట్టి మాట్లాడే రకం కాబట్టి అందరికీ వినపడేవి. అందరిదీ ఒకటే మాట. కరెంటు వచ్చింది, ఎర్ర లైటు వెలుగుతోంది, అంకెలు మాత్రం రావడం లేదు. మొదటి కాల్ వినగానే జంపరక్కకు సంగతి అర్థమైంది. ఆ మధ్యాహ్నమే అతని దగ్గరికి వెళ్ళి, "సార్, టోపీలు మార్చకుండా వెళ్ళిపోయాయి" అని చెప్పింది.

"తెలుసక్కా," అన్నాడు అతను, పళ్ళ సందుల్లో ఇరుక్కున్నదాన్ని సిమ్ కార్డు తీసే పిన్నుతో కెలుక్కుంటూ. "ఇవాళ్టి నుంచి మారుస్తున్నారులే. పాతవాటికి సర్వీసు మనిషిని పంపిద్దాం, మెల్లగా. అప్పటిదాకా ఎవరడిగినా వాళ్ళ ఇంటి వైరింగ్ బాగాలేదని చెప్పాలి. కంపెనీ పరువు కదా."

అన్నంత పనీ చేశాడు. ఎవరు ఫోన్ చేసినా అదే పాట. "మీ ఇంటి వైరింగ్‌లో లోపముందండీ, బోర్డు దెబ్బతింది, మంచి ఎలక్ట్రీషియన్‌కి చూపించుకోండి." ఆ పిన్నునే మళ్ళీ జేబులో పెట్టుకునేవాడు. జంపరక్క ఛీ అనుకుంది. అతని వెనకాల నలుగురైదుగురితో అంది కూడా. ఛీ అనుకోవడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య. అనుకున్న తర్వాత ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ నేర్పలేదు, తనూ నేర్చుకోలేదు.

ఆ వారంలోనే తమ్ముడు ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు లేదు.

"అక్కా, మిషను ఆగిపోయింది. మీ కంపెనీకి ఫోన్ చేస్తే ఇంటి వైరింగ్ బాగాలేదన్నారట. అది చేసింది నేనే కదా."

తమ్ముడు ఎలక్ట్రీషియన్. ఇళ్ళకు వైరింగ్ చేయడమే అతని బతుకు.

"నాకెందుకు చెప్పలేదురా ముందే?"

"వదినని ఇబ్బంది పెట్టడమెందుకని మీ మరదలే వాళ్ళకు చేసింది. ఇప్పుడు వీధంతా తెలిసిపోయింది. సందు చివర కొత్త మేడ కడుతున్నాయన ఇల్లంతా నాకే ఇస్తానన్నాడు. సొంతింటి వైరింగే సరిగా చేసుకోలేదట కదా అని, ఇంకొకర్ని పిలుచుకున్నాడు. నువ్వొచ్చి ఒక్కసారి చూడవా? నా తప్పేంటో తెలిస్తే చాలు."

మర్నాడు సెలవు పెట్టి పొద్దున్నే జంపరక్క బయల్దేరింది. తమ్ముడి వాకిట్లో అడుగు పెట్టకముందే కంపు ఎదురొచ్చింది. గంధకం లాంటి కంపు, గొంతు వెనక్కి పోయి అతుక్కునేది. మురిగిన గుడ్లు. సర్వీసు మనిషి వచ్చేదాకా మూత తియ్యొద్దని కంపెనీవాళ్ళు చెప్పారట, తీస్తే తమకు బాధ్యత లేదట. మరదలు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది.

కానీ ఆవిణ్ని గుమ్మంలోనే ఆపేసింది కంపు కాదు, గోడ. మీటరు పెట్టె నుంచి మిషనున్న గది దాకా గోడను పొడుగునా చీల్చేశాడు తమ్ముడు. ప్లాస్టరు పెళ్ళలు కింద కుప్పలు పడి ఉన్నాయి. పాత వైర్లన్నీ లాగేసి ఒక మూల చుట్టగా పడేశాడు. కొత్త వైర్లు పైపుల్లోంచి వేలాడుతున్నాయి. అతని జుట్టు నిండా సున్నం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అంతా విప్పి చూశానక్కా. ఎక్కడా లూజు కనపడలేదు. ఎర్తింగ్ కూడా కొత్తది వేశాను. అయినా రావట్లేదు. ఎక్కడ పొరపాటు చేశానో నాకే అంతుపట్టడం లేదు."

మరదలు వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. "ఇరవయ్యేళ్ళుగా చేస్తున్నానంటారు," అంది మొగుడికేసి చూడకుండా. "పిల్లలు లోపల్నుంచి గుడ్డును పొడుస్తుంటే నా చెవులతో నేను విన్నాను వదినా."

జంపరక్క ముక్కుకు కొంగు బిగించి మిషను దగ్గర కూర్చుంది. పక్కనున్న బోర్డు పెట్టె మూత విప్పింది. ఎర్ర లైటు చక్కగా వెలుగుతోంది. కరెంటు ఏ లోటూ లేకుండా వస్తోందని ఆ ఒక్క లైటే చెబుతోంది. నల్ల టోపీ బూట్ వైపు కూర్చుని ఉంది. తను పెట్టినచోటే, తను పెట్టినట్టే.

గోటితో లాగి రన్ వైపు పెట్టింది. స్విచ్ తీసి వేసింది. అంకెలు వెలిగాయి, ఫ్యాను గుర్రుమంది, లోపల మోటారు కదిలి ట్రే ఒక పక్కకు ఒరిగింది. ట్రేలోని గుడ్లు ఒకదానికొకటి తగిలిన చప్పుడైంది.

తమ్ముడు వంగి చూశాడు. "ఏం చేశావక్కా?"

"టోపీ మార్చాను."

"అంతేనా?"

"అంతే."

"మరి నా వైరింగ్?"

ఏదో చిన్న లూజు ఉండి ఉంటుందిలే, ఇప్పుడు సరిపోయింది అంటే ఆ మాటనూ నమ్మేసేలా ఉన్నాడు. ఆ మాట ఆవిడ నాలుక దాకా వచ్చింది కూడా. ఆ క్షణంలో కానీ సారుకూ తనకూ మధ్య ఒక్క నాలుక దూరమే మిగిలింది.

"నీ వైరింగ్ నిక్షేపంగా ఉందిరా. మొదట్నుంచీ ఉంది. ఈ టోపీ మార్చకుండా మిషను పంపించేశారు. పంపించేశాం. ప్యాకింగ్ దగ్గర మారుస్తున్నారో లేదో నేను చూడాల్సింది, చూడలేదు. తర్వాత వైరింగ్ అని అబద్ధం చెబుతుంటే పక్కనే కూర్చుని విన్నాను."

"ఎందుకు చూడలేదు?" అని అడిగింది మరదలు. గొంతు పెంచలేదు.

ఆ ఇంట్లో, ఆ కంపులో కూర్చుని ఆ జవాబు ఎలా చెప్పడం? చివరకు చెప్పింది.

"ఆ గది కంపు కొడుతుందని వెళ్ళలేదు."

తమ్ముడు చీల్చిన గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. చూసి చూసి, "పోనీలే అక్కా," అన్నాడు. "నీకీ వాసన పడదు. నువ్వు వాకిట్లో గాలికి కూర్చో. వీటిని మేం తీసేస్తాం." అతను నాలుగు తిట్టి ఉంటే ఆవిడకు ఊపిరి ఆడేది.

"ఎందుకు కూర్చోవాలి?" అంది మరదలు. లోపలికి వెళ్ళి ప్లాస్టిక్ బకెట్టు ఒకటి తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. "మీరే తియ్యండి వదినా."

జంపరక్క ముక్కుకు కట్టిన కొంగు విప్పి నడుముకు బిగించింది. పై ట్రే లాగింది. కొన్ని గుడ్లు చెమర్చి బూడిద రంగుకు తిరిగాయి. కొన్ని అప్పటికే పగిలి అడుగున ఆకుపచ్చటి బంక పేరుకుంది. ఒకటి ఎత్తగానే చేతిలోనే పేలింది. ముంజేతి మీదుగా మోచేతి దాకా కారింది, కొంత మొహాన పడింది. చేతిలో మిగిలింది మాత్రం బంక కాదు. ముక్కు ఉంది, మూసుకున్న కన్ను ఉంది, తడిసి అతుక్కున్న పసుప్పచ్చ నూగు ఉంది. ఆవిడ పక్కకు తిరిగి వాంతి చేసుకుంది. మూతి తుడుచుకోవడానికి శుభ్రమైన చెయ్యి లేదు. మళ్ళీ ట్రే వైపు తిరిగి ఇంకోటి అందుకుంది.

ఆ ట్రే సగమయ్యేసరికి మరదలి ఫోను మోగింది. ఆవిడ చూసి, స్పీకర్లో పెట్టి, జంపరక్క మొహం దగ్గర పట్టుకుంది.

"నమస్తే మేడమ్, మీ కంప్లైంటు చూశామండీ." నోట్లో ఏదో ఉన్న గొంతు. "మీ ఇంటి వైరింగ్‌లో లోపమే. మంచి ఎలక్ట్రీషియన్ని ఎవరినైనా..."

"సార్, నేను."

నమలడం ఆగింది. "అక్కా? సెలవు పెట్టి అక్కడేం చేస్తున్నావ్?"

"గుడ్లు తీస్తున్నాను. టోపీ మార్చాను, మిషను లేచింది. ఇంకా నడుస్తున్న మిషన్లు చాలా ఉన్నాయి సార్. కరెంటు పోకముందే వాళ్ళందరికీ ఫోన్ చేసి, మూత తీసి టోపీ మార్చుకోమని చెప్పించండి. ఎలా మార్చాలో నేను చెబుతాను, నా నంబరివ్వండి."

"నెమ్మదిగా మాట్లాడక్కా, పక్కన కస్టమర్ ఉంటారు," అన్నాడు కానీ సారు. గొంతు తగ్గించి, ఎంతో ఆపేక్షగా అన్నాడు. "నువ్వేం కంగారుపడకు. నీ బల్ల మీద ఏ తప్పూ లేదని బావకు ఎప్పుడో చెప్పేశాను. నీ పేరు ఎక్కడా రానివ్వను."

మరదలు ఫోను పట్టుకున్న చెయ్యి కదల్లేదు. ఆవిడ చూపు కూడా కదల్లేదు. ఇన్నాళ్ళూ జంపరక్క మనసులో దాచుకుని నెమరేసుకున్న మాట అదే. ఆ నోట్లోంచి బయటికి వచ్చేసరికి, చేతికంటిన దానికంటే అదే ఎక్కువ రోతగా ఉంది. స్పిరిట్‌కు వదిలే రోత కాదు.

"నా పేరే చెప్పండి సార్. వెళ్ళి చూడాల్సిన మనిషి వెళ్ళలేదని చెప్పండి. మీరు చెప్పకపోతే వాళ్ళందరికీ నేనే చెబుతాను."

అటువైపు అతను ఏదో అనబోతుండగా మరదలు ఫోను కట్టేసింది.

"కింది ట్రే ఇంకా ఉంది," అంది.

జంపరక్క వంగి కింది ట్రే లాగింది.